మస్టర్ ఎవరి బీరువాలో ఉంది?



మా ఆఫీసులో గురువుగారిని పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. గుమస్తా మొదలు కక్షిదారుల దాకా అందరికీ ఆయన ‘పెద్దాయన’. ఇవాళ కూడా నా నోట ఆ మాటే వస్తుంది, మన్నించాలి. ఈ సభలో యూరప్ కార్మిక చట్టాల మీద మాట్లాడమని కమిటీవారు అడిగినప్పుడు, ఆయన ఉంటే ఏమనేవారో తలుచుకుని నవ్వుకున్నాను. విశాఖ లేబర్ కోర్టు దాటి ఆయన వెళ్లిందల్లా హైదరాబాదు హైకోర్టుకే. అదీ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో, కేసుకట్టలు ఒళ్లో పెట్టుకుని. అయినా యూరప్ తీర్పులు చదువుతున్నప్పుడల్లా నాకు ఆయన గొంతే వినిపిస్తుంది. ఎందుకో చెబుతాను.

నేను జూనియర్‌గా చేరిన కొత్తలో ఒక జూట్ మిల్లు బదిలీ కార్మికుడు, అంటే పనికి రానివాళ్ల బదులు పనిచేసేవాడు, వచ్చాడు. పనిలోంచి తీసేశారు. ఏడాదిలో 240 రోజులు పనిచేశానని అతని మాట, అన్ని రోజులు లేవని మిల్లు మాట. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం 25-బి, 25-ఎఫ్ సెక్షన్ల కింద ఆ 240 నిండితేనే నోటీసూ నష్టపరిహారమూ. నిండాయో లేదో చెప్పాల్సిన మస్టర్, అంటే హాజరు పట్టీ, మిల్లువాళ్ల బీరువాలో ఉంది. ఇతని దగ్గర ఉన్నది ఇంటి గోడ. మొగుడు డ్యూటీకి వెళ్లిన ప్రతిరోజూ అతని భార్య గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది, పాల లెక్కకు గీసినట్టు. పెద్దాయన ఫొటోగ్రాఫర్ని పంపి ఆ గోడను ఫొటో తీయించి కోర్టులో దాఖలు చేశారు. అవతలి ప్లీడరు పైకే నవ్వాడు. కోర్టు ఆ గోడను నమ్మలేదు. బయటికొచ్చాక పెద్దాయన అన్న మాట ఒక్కటే: “మస్టర్ ఎవరి బీరువాలో ఉందిరా? రుజువు ఎవణ్ణి చెయ్యమంటున్నారు?”

తర్వాత చాలా ఏళ్లకు, 2002లో, హదిమని కేసులో మన సుప్రీంకోర్టు 240 రోజుల రుజువు భారం కార్మికుడిదేనని తేల్చింది. 2005లో ఎల్లట్టి కేసులో కాస్త మెత్తబడింది. భారం కార్మికుడిదే గానీ, మస్టర్ తెప్పించమని అతను అడిగితే యాజమాన్యం తేకపోతే, ఆ తేకపోవడాన్ని కూడా కేసు పూర్వాపరాలను బట్టి లెక్కలోకి తీసుకోవచ్చంది. ఇక్కడున్న లేబర్ ప్లీడర్లలో ఈ రెండు తీర్పులూ నోటికి రానివారుండరు.

ఇక యూరప్. పని గంటలు, సెలవులు, సమాన వేతనం వంటి హక్కులు అక్కడ కాగితం మీదికి ఎక్కి చాలాకాలమైంది. ఇప్పుడు జరుగుతున్న యుద్ధం బీరువా తాళంచెవి కోసమని నా అభిప్రాయం. కొన్నిచోట్ల ఆ తాళంచెవి చేతులు మారింది. కొన్నిచోట్ల మారినట్టే మారి మళ్లీ యజమాని జేబులోకే చేరింది.

పని గంటలతో మొదలుపెడతాను. యూరోపియన్ యూనియన్ 2003లో ఇచ్చిన డైరెక్టివ్ ప్రకారం, ఓవర్‌టైమ్‌తో కలిపి వారానికి సగటున 48 గంటలకు మించి పని చేయించకూడదు. రోజుకు వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలి. ఏడాదికి నాలుగు వారాలు జీతంతో సెలవు ఉండాలి. డైరెక్టివ్ అంటే నేరుగా చట్టం కాదు. ఫలానా గడువులోగా మీమీ చట్టాలు ఇలా దిద్దుకోండి అని సభ్య దేశాలకు ఇచ్చే ఆదేశం. 27 దేశాలు 27 రకాలుగా దిద్దుకుంటాయి. అక్కడి ప్లీడర్ల తలనొప్పి సగం అక్కడే పుడుతుంది.

స్పెయిన్‌లో కోమిసియోనెస్ ఒబ్రేరాస్ అనే పెద్ద కార్మిక సంఘం డాయిష్ బ్యాంకు అక్కడి సంస్థ మీద కేసు వేసింది. ఆ బ్యాంకు పద్ధతిలో ఎవరు ఏ రోజు రాలేదో నమోదయ్యేది. వచ్చినవాళ్లు ఎన్ని గంటలు పనిచేశారో నమోదయ్యేది కాదు. స్పెయిన్‌లో చేసే ఓవర్‌టైమ్‌లో 53.7 శాతానికి ఎక్కడా లెక్కే లేదన్న సర్వే అంకె ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చింది. లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం 2019 మే 14న తీర్పు చెప్పింది. ప్రతి కార్మికుడి రోజువారీ పనికాలాన్ని కొలిచే నమ్మదగిన పద్ధతి యజమాని పెట్టి తీరాలి, కొలత లేకపోతే 48 గంటల హక్కు ఉత్త మాటే అవుతుంది అంది. సాక్షుల చేత చెప్పించుకోవచ్చు కదా అన్న వాదనను కూడా తోసిపుచ్చింది. బలహీనుడైన కార్మికుడు తన యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి జంకుతాడని తీర్పులోనే రాసింది. ఆ పేరా చదివిన రోజు నాకు పెద్దాయన టేబుల్ ముందు కూర్చుని, “బాబూ, మళ్లీ నేనక్కడే పనిచేసుకోవాలి” అంటూ నీళ్లు నమిలిన సాక్షులు ఎందరో గుర్తొచ్చారు.

ఆ తీర్పు జర్మనీ చేరాక జరిగిన కథ ఇంకా తమాషా. అక్కడ సంస్థల్లో ఉద్యోగులు ఎన్నుకునే కౌన్సిల్ ఉంటుంది, బెట్రీబ్స్‌రాట్ అంటారు. ఒక సంస్థలో ఆ కౌన్సిల్, పనికాలాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదు చేయించమని యాజమాన్యంతో పట్టుబట్టే హక్కు తనకుందని కోర్టుకెక్కింది. ఎర్‌ఫర్ట్‌లోని ఫెడరల్ లేబర్ కోర్టు 2022 సెప్టెంబర్ 13న కౌన్సిల్‌ను ఓడించింది. కారణం వినండి: పనికాలం నమోదు చేయడం ఇప్పటికే చట్టం ప్రకారం యజమాని బాధ్యత, ఉన్న బాధ్యతను కొత్తగా తెప్పించే హక్కు మీకెందుకు అంది. అలా ఒక కౌన్సిల్ ఓడిపోయి దేశంలో కార్మికులందరినీ గెలిపించింది. ‘నమ్మకం మీద పని గంటలు’ అన్న పేరుతో లెక్కలు మానేసిన సంస్థలు గాభరా పడ్డాయి. నమోదు బాధ్యతను వివరంగా చట్టంలో పెట్టే ముసాయిదా 2023లో బయటికొచ్చింది గానీ, అప్పటి ప్రభుత్వం దిగిపోయేలోగా అది చట్టం కాలేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. కానీ అదే కోర్టు అదే ఏడాది మే 4న ఇంకో తీర్పు చెప్పింది. సరుకు చేరవేసే ఒక డ్రైవరు, విరామం తీసుకునే వీలు లేక అదనంగా 348 గంటలు పనిచేశానని జీతం అడిగాడు. సంస్థ యంత్రంలో వచ్చిన వేళ, వెళ్లిన వేళ ఉన్నాయి, విరామాలు లేవు. లక్సెంబర్గ్ తీర్పు చూపించి, లెక్క పెట్టని తప్పు సంస్థదే కదా అన్నాడు. కింది కోర్టు ఔనంది. పైకోర్టులు కాదన్నాయి. లక్సెంబర్గ్ తీర్పు ఆరోగ్యం, భద్రత గురించిందే తప్ప జీతం గురించింది కాదనీ, ఓవర్‌టైమ్ చేశాననీ, యజమానే చేయించాడనీ లేదా చూస్తూ ఊరుకున్నాడనీ రుజువు చేయాల్సింది కార్మికుడేననీ ఫెడరల్ కోర్టు తేల్చింది. మస్టర్ రాయడం యజమాని బాధ్యతే. రాయకపోతే డబ్బు నష్టం మాత్రం కార్మికుడిది. తర్కం తప్పని నేను అనలేను, సెలవు జీతం తప్ప ఆ డైరెక్టివ్ జీతాల జోలికి పోదన్నది నిజమే. అయినా మన హదిమని తీర్పు అంత దూరం ప్రయాణం చేసి వెళ్లిందా అనిపించింది.

చిన్న యజమానుల గోడు కూడా చెప్పాలి, లేకపోతే పెద్దాయన ఒప్పుకోరు. ఆయన దగ్గరికి చిన్నచిన్న హోటళ్ల వాళ్లూ వచ్చేవారు. నలుగురు పనివాళ్లున్న బేకరీకి, నలభై వేలమంది ఉన్న బ్యాంకుకి ఒకే లెక్క అంటే కష్టమే. స్పెయిన్‌లో 2019 మే 12 నుంచి, అంటే లక్సెంబర్గ్ తీర్పుకి సరిగ్గా రెండు రోజుల ముందునుంచే, రోజువారీ నమోదు తప్పనిసరి అయింది. బేకరీ కూడా రాయాల్సిందే.

సెలవుల సంగతి త్వరగా ముగిస్తాను. వాడుకోని సెలవు ఏడాది చివర దానంతటదే మురిగిపోతుందనేది జర్మనీలో పాత పద్ధతి. మాక్స్ ప్లాంక్ కేసులో ఒక పరిశోధకుడు రెండేళ్ల తాలూకు 51 రోజుల సెలవు డబ్బు అడిగాడు. నీకు ఇన్ని రోజులున్నాయి, తీసుకోకపోతే పోతాయి అని యజమాని వేళకు స్పష్టంగా చెప్పి ఉండాలి, చెప్పాననీ యజమానే రుజువు చేయాలి అని 2018 నవంబర్ 6న లక్సెంబర్గ్ కోర్టు అంది. ఇక్కడ తాళంచెవి పూర్తిగా చేతులు మారింది.

సమాన వేతనం దగ్గర ఈ కథ ఇంకా పాతది. డెన్మార్క్‌లోని డాన్‌ఫాస్ కేసు 1989 నాటిది. ఒకే గ్రేడు పనిలో ఆడవాళ్ల సగటు జీతం మగవాళ్లకంటే 6.85 శాతం తక్కువ. విడివిడి పెంపుదలలు ఏ లెక్కన ఇస్తున్నారో ఎవరికీ తెలియదు. జీతాల పద్ధతి చీకట్లో ఉన్నప్పుడు, వివక్ష లేదని నిరూపించుకోవాల్సింది యజమానే అని లక్సెంబర్గ్ అప్పుడే అంది. నన్నడిగితే యూరప్ కార్మిక చట్టంలో అంతకంటే పదునైన వాక్యం లేదు. అయినా ముప్పై ఏళ్లు దాటాక కూడా జర్మనీలోని సాక్సనీ రాష్ట్రంలో ఒక సేల్స్ ఉద్యోగిని ఇదే గొడవతో పైకోర్టు దాకా నడవాల్సి వచ్చింది. ఆమెకూ మగ సహోద్యోగికీ ముందు చెప్పింది నెలకు 3,500 యూరోలే. అతను బేరమాడి 4,500 చేయించుకున్నాడు. బాగా బేరమాడాడు అన్నది సాకు కాదని 2023 ఫిబ్రవరి 16న కోర్టు తేల్చింది.

అదే ఏడాది వచ్చిన వేతన పారదర్శకత డైరెక్టివ్ ఈ చీకటి మీదికే దీపం పట్టింది. దేశాలకు గడువు 2026 జూన్ 7. ఉద్యోగానికి వచ్చినవాడికి జీతం ఎంత నుంచి ఎంతవరకో ముందే చెప్పాలి. పాత జీతం ఎంతని అడగకూడదు. జీతం ఎవరికీ చెప్పుకోవద్దనే షరతు పెట్టకూడదు. ఈ బాధ్యతలు పాటించని సంస్థ మీద వివక్ష కేసు వస్తే, వివక్ష లేదని ఆ సంస్థే రుజువు చేసుకోవాలి. హైదరాబాదులో మూడు నెలల పేస్లిప్పులు ముందు పెడితే గాని మాట మొదలుపెట్టని ఇంటర్వ్యూలు చూసిన మన పిల్లలు ఇది వింటే నమ్మరు.

ఇప్పుడు బీరువానే మాయమైన చోటికి వద్దాం. భోజనం డబ్బా వీపున వేసుకుని సైకిల్ తొక్కేవాడి మస్టర్ ఏ బీరువాలోనూ లేదు, అది యాప్‌లో ఉంది. పైగా నువ్వు ఉద్యోగివే కావు, నీ వ్యాపారం నువ్వు చేసుకుంటున్నావు అంటుంది ఒప్పందం. లండన్‌లో ఉబర్ డ్రైవర్ల కేసు 2016లో ట్రిబ్యునల్‌లో మొదటి తీర్పు చూసి, 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టులో ముగిసింది. కిరాయి నిర్ణయించేది కంపెనీ. షరతులు రాసేది కంపెనీ. పిలుపులు కాదంటే కనిపెట్టి శిక్షించేదీ కంపెనీయే. కాబట్టి కాగితం మీద ఏమి రాసుకున్నా వీళ్లు కార్మికులే అంది కోర్టు. యాప్ తెరిచి, తన ప్రాంతంలో పిలుపుకి సిద్ధంగా ఉన్న కాలమంతా పనికాలమే అంది. రెండేళ్లు తిరిగాక అదే కోర్టు డెలివరూ రైడర్ల విషయంలో ఇంకోలా చెప్పింది. తన బదులు ఇంకొకణ్ణి పంపే హక్కు ఆ రైడర్లకు నిజంగానే ఉంది, అలాంటివాడికి ఉద్యోగ సంబంధం లేదంది. ఒక్క వాక్యం, ఒప్పందంలో ఎక్కడో మధ్యలో ఉన్న వాక్యం. దాన్ని రాసిన ప్లీడరు ఫీజు న్యాయంగానే సంపాదించాడు.

స్పెయిన్ 2021లో రైడర్ల చట్టం తెచ్చి, ఇలాంటివాళ్లని ఉద్యోగులుగానే భావించాలంది. గ్లోవో కంపెనీ అక్కడ రైడర్లందరినీ ఉద్యోగులుగా మారుస్తామని ప్రకటించింది 2024 డిసెంబర్‌లో, చట్టం అమల్లోకి వచ్చిన మూడేళ్ల తర్వాత. మొత్తం యూనియన్‌కి వర్తించే ప్లాట్‌ఫాం డైరెక్టివ్ కూడా 2024లోనే వచ్చింది. దేశాలకు గడువు 2026 డిసెంబర్ 2. అదుపూ అజమాయిషీ ఉన్నట్టు కనిపిస్తే ఉద్యోగ సంబంధం ఉన్నట్టే ముందు భావించాలి, కాదంటే కంపెనీ రుజువు చేయాలి. మొదటి ముసాయిదాలో అయిదు గుర్తులు రాసి, రెండు కనిపిస్తే చాలన్నారు. బేరసారాల్లో ఆ గుర్తులన్నీ ఎగిరిపోయాయి. ఏ దేశం గుర్తులు ఆ దేశమే చూసుకోవాలి. కాబట్టి ఒకే యాప్, ఒకే సైకిలు, సరిహద్దు దాటితే ఒకచోట ఉద్యోగి, ఒకచోట వ్యాపారి కావచ్చు.

మన జిల్లాల నుంచి వెళ్లి డబ్లిన్‌లో, బెర్లిన్‌లో చదువుకుంటూ ఆ డబ్బా మోసే పిల్లలున్నారు. జర్మనీలో విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులో, 280 సగం రోజులో పనిచేయవచ్చు. అది చాలకో, సొంత ఖాతా దొరకకో, ఇంకొకరి యాప్ ఖాతా అద్దెకు తీసుకునేవాళ్లున్నారు. వాళ్ల సంగతి ఏ డైరెక్టివూ పట్టించుకోదు. కంపెనీ లాగ్‌లో ఆ పేరే లేదు. మస్టర్ మొత్తం తెప్పించినా అందులో కనిపించేది అద్దెకిచ్చినవాడు.

అయితే మస్టర్ తెప్పించే దారి ఒకటి ఊహించని వైపునుంచి తెరుచుకుంది. అది కార్మిక చట్టం కాదు, 2018 నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. నా గురించి నీ దగ్గరున్న సమాచారం నాకివ్వు అని అడిగే హక్కు అందులో ఉంది. బ్రిటన్‌కు చెందిన డ్రైవర్లు ఉబర్ మీద, మన దేశం నుంచి వెళ్లిన ఓలా మీద ఆ హక్కుతో ఆమ్‌స్టర్‌డాంలో కేసులు వేశారు. ఆ కంపెనీల యూరప్ సంస్థలు నెదర్లాండ్స్‌లో నమోదై ఉండటం వల్ల అక్కడ. డ్రైవర్ల ఖాతాలు మూసేయడం, వాళ్లకు మార్కులు వేయడం వంటి నిర్ణయాల్లో యంత్రం పాత్ర ఏమిటో చెప్పి తీరాలని 2023 ఏప్రిల్ 4న అక్కడి అప్పీలు కోర్టు చాలావరకు డ్రైవర్ల పక్షాన నిలిచింది. మన లేబర్ కోర్టులో వేసే ‘మస్టర్ తెప్పించండి’ పిటిషన్‌కి ఇది పెదతండ్రి కొడుకు.

అందరూ తాళంచెవి ప్రభుత్వం చేతికే ఇవ్వాలంటారనుకోకండి. యూనియన్‌లోని 27 దేశాల్లో అయిదింటికి చట్టం నిర్ణయించిన కనీస వేతనమే లేదు: డెన్మార్క్, స్వీడన్, ఫిన్లండ్, ఆస్ట్రియా, ఇటలీ. కనీస వేతనాల డైరెక్టివ్ 2022లో వచ్చినప్పుడు దాన్ని కొట్టేయమని డెన్మార్క్ కోర్టుకెక్కింది, స్వీడన్ వంతపాడింది. అక్కడి కార్మిక సంఘాలకు కూడా ఆ డైరెక్టివ్ ఇష్టం లేదు. వేతనం మేమూ యజమానులూ కూర్చుని తేల్చుకుంటాం, బ్రస్సెల్స్ వేలు పెట్టొద్దు అన్నది వాళ్ల మాట. 2025 నవంబర్ 11న లక్సెంబర్గ్ కోర్టు రెండు నిబంధనలు కొట్టేసి తక్కింది నిలబెట్టింది. ఇది వింటే నాకు మన వి.వి. గిరిగారు గుర్తొస్తారు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుకుని, రైల్వే కార్మికుల సంఘం నడిపి, 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన గిరిగారు, తగాదాల్ని ప్రభుత్వం ట్రిబ్యునళ్లకు తోసే పద్ధతి సంఘాల్ని సోమరుల్ని చేస్తుందని వాదించారు. మన దేశంలో ఆ వాదం నెగ్గలేదు. నెగ్గి ఉంటే ఇక్కడున్న మనలో చాలామందికి ప్రాక్టీసే ఉండేది కాదని పెద్దాయన వేళాకోళం చేసేవారు.

చివరగా ఒక ఇంటి సంగతి. రెండేళ్ల కిందట మ్యూనిక్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. “మావయ్యా, తీసేశారు.”

“కాగితం ఇచ్చారా?”

“మెయిల్లో పీడీఎఫ్ పంపారు.”

తెలిసినవాళ్ల ద్వారా ఒక జర్మన్ న్యాయవాదిని పట్టుకున్నాం. ఆవిడ మొదటి ప్రశ్న కూడా అదే. కాగితం మీద సిరా సంతకం లేకపోతే అక్కడ ఉద్యోగం తీసేసినట్టే కాదు. పది రోజులకు అసలు ఉత్తరం పోస్టులో వచ్చింది. అక్కడినుంచి మూడు వారాలు, అంతే. ఆలోపు కోర్టులో వేయకపోతే, ఎంత అన్యాయమైన తొలగింపైనా సక్రమమైనట్టే లెక్క. మావాడు మాత్రం హెచ్.ఆర్. వాళ్లు మంచివాళ్లు, మెల్లిగా మాట్లాడదాం అంటాడు. మన పిల్లలు అక్కడ ఎక్కువగా దెబ్బతినేది చట్టం తెలియక కాదు, ఈ మొహమాటం వల్ల. వాడిది బ్లూ కార్డు, అంటే పై చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి, వచ్చి రెండేళ్లు నిండలేదు. అలాంటివాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి కచ్చితంగా ఉండే గడువు మూడు నెలలే. కోర్టులో గెలిచేలోపు వీసా ఓడిపోతుంది. అందుకే ఆవిడ డబ్బు కన్నా ముందు ఉద్యోగం ముగిసే తేదీని జరిపించడం మీద పట్టుపట్టింది.

అక్కడ కేసు వేసిన కొద్ది వారాలకే రాజీ విచారణ ఉంటుంది. ఒక్క జడ్జి, చిన్న గది, ఇరవై నిమిషాలు. ఎక్కువ కేసులు అక్కడే ముగుస్తాయి. మొదటి కోర్టులో గెలిచినా ఓడినా ఎవరి ప్లీడరు ఫీజు వాళ్లదే. ఓవర్‌టైమ్ మాట వచ్చేసరికి మావాడి దగ్గర ఏమీ లేదు. లాప్‌టాప్ తీసేసుకున్నారు, పని గంటలు ‘నమ్మకం మీద’. రాత్రి ఒంటిగంటకి మళ్లీ ఫోన్ చేశాడు, ఒక్కటి దొరికిందని. వాడి భార్య వాట్సాప్ మెసేజీలు. దాదాపు ప్రతి రాత్రీ ఒకటి, తొమ్మిదికి, తొమ్మిదిన్నరకి, పదికి: “ఇంకా బయల్దేరలేదా?”

ఇవి కోర్టులో రుజువుగా నిలవవు, రాజీ బల్ల మీద మాత్రం బరువు తూగుతాయి అంది ఆవిడ. కోర్టు భాష జర్మన్ కాబట్టి అనువాదం జతచేయాలంది. అనువాదకుడు వరుసకి ఇంత చొప్పున లెక్క చెప్పాడు. అన్నీ ఒకే వాక్యం కదా, ఒక్కటి అనువదించి తక్కినవాటికి వేళలు మాత్రం రాయమన్నాం.